అడ్మిన్లు మాత్రమే మాట్లాడితే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ గ్రూపుల్లో గొడవలు రాకుండా ఏం చేయాలో చెబుతూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ‘అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చేస్తే తలనొప్పి ఉండదు’ అన్న సలహా దగ్గర ఆగిపోయాను. ఆ పని నేనూ ఒకసారి చేశాను, పదకొండు రోజుల పాటు. ఏం జరిగిందో చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను కాకినాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులు ఆగిపోయినప్పుడు మా అబ్బాయి సాయంతో డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఒక సర్వర్ (అంటే ఒక పెద్ద గ్రూపు) పెట్టాను. వాట్సాప్ గ్రూపులో అన్నీ ఒకే కుప్పగా పడతాయి. ఇందులో ఇంట్లో గదుల్లా వేర్వేరు ఛానెళ్లు పెట్టుకోవచ్చు. ప్రకటనలు, సందేహాలు, పాత ప్రశ్నపత్రాలు, కబుర్లు అని నాలుగు పెట్టాం. మొదట మా పిల్లలే ఉండేవారు. తర్వాత తుని, పిఠాపురం, అమలాపురం నుంచి వాళ్ల స్నేహితులు, వరసకు అన్నదమ్ములు చేరారు. లింకు ఎవరి చేతిలో పడితే వాళ్లు వచ్చేవారు, ఎవరైనా ఎక్కడైనా రాసేవారు.

ఒక ఏడాది ప్రీ-ఫైనల్ ముందు రాత్రి రెండు గంటలకు ఎవడో కొత్తగా చేరి, ఉచిత బహుమతి అంటూ ఒక లింకు పెట్టి, దానికి ‘ఎవ్రీవన్’ ట్యాగ్ తగిలించాడు. ఆ ట్యాగ్ పెడితే సర్వర్‌లో ఉన్న అందరి ఫోన్లూ మోగుతాయి. ఒకసారి కాదు, ఆరుసార్లు పెట్టాడు. అది వాడే అనుమతి మొదటి నుంచీ అందరికీ ఆన్‌లోనే ఉందని నేను చూసుకోలేదు. ఇద్దరు పిల్లలు నిద్రమత్తులో లింకు నొక్కి ఖాతాలు పోగొట్టుకున్నారు. తెల్లారకముందే ఒక తండ్రి ఫోన్ చేసి, “మీరున్నారనే కదా మేడమ్ చేర్పించాం” అన్నారు. ఆ మాటకు చేతులు వణికాయి. వెంటనే సందేశాలు పంపే పర్మిషన్ అందరికీ తీసేశాను.

సర్వర్ ప్రశాంతంగా మారిపోయింది. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నా ఒక్క సందేహమూ లేదు. నాకు టెన్షన్ తగ్గింది కానీ, పిల్లలు ఎవరిని అడుగుతున్నారో ఆలోచించలేదు. పదకొండో రోజు తుని నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. “మేడమ్, దీర్ఘవృత్తం లెక్క ఒకటి అడుగుదామంటే రాసే పెట్టె పనిచేయట్లేదు. ఈ ఛానెల్‌లో రాసే పర్మిషన్ మీకు లేదు అని వస్తోంది. నేనేం తప్పు చేశాను?” అంది. తాళం అందరికీ వేశానని ఆ పిల్లకు తెలియదు. తనొక్కదాన్నే వెలివేశాననుకుని అన్ని రోజులూ కుమిలిపోయింది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ ఫోన్ కాల్‌తో తెలిసింది.

ఆ రాత్రే కూర్చుని పర్మిషన్ల సంగతి నేర్చుకున్నాను. డిస్కార్డ్‌లో ప్రతి ఛానెల్‌కూ, ప్రతి రోల్‌కూ (సభ్యులకు మనం తగిలించే హోదాకు) అనుమతులు విడివిడిగా పెట్టొచ్చు. పచ్చ టిక్ పెడితే ఇచ్చినట్టు, ఎర్ర ఇంటూ పెడితే తీసేసినట్టు, మధ్యలో గీత ఉంచితే సర్వర్ మొత్తానికి పెట్టిన సెట్టింగే వర్తిస్తుంది. ప్రకటనల ఛానెల్‌లో అందరికీ ఇంటూ పెట్టి, నాకు మాత్రం టిక్ ఉంచుకున్నాను. అయినా మర్నాటికి నా ప్రకటన కింద థ్రెడ్ (ఒక సందేశానికి అనుబంధంగా నడిచే వేరే సంభాషణ) తెరిచి కుర్రాళ్లు క్రికెట్ మాట్లాడుకుంటున్నారు. థ్రెడ్‌లో రాసే పర్మిషన్ వేరేగా ఉంటుందట, అదీ తీశాను. సందేహాల్లో ‘విద్యార్థి’ రోల్ ఉన్నవాళ్లకు టిక్ ఇచ్చాను. కొత్తగా వచ్చినవాళ్లు ఏ ఊరో, ఏ సంవత్సరమో చెప్పాక ఆ రోల్ ఇస్తాం. ఇక్కడ ఫొటోలు పెట్టే అనుమతి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే పిల్లలు నోట్సు పేజీని ఫొటో తీసే అడుగుతారు. కబుర్లలో స్లో మోడ్ పెట్టాం. ఒకరు ఒకసారి రాస్తే మళ్లీ అర నిమిషం ఆగాలి. ‘ఎవ్రీవన్’ ట్యాగ్ నాకు తప్ప ఎవరికీ లేదు.

ఒక పొరపాటు మాత్రం నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది. బూతులు రాసే ఒక కుర్రాణ్ణి ఆపడానికి ‘మౌనం’ అని ఒక రోల్ తయారుచేసి, సందేహాల ఛానెల్‌లో దానికి ఎర్ర ఇంటూ పెట్టాను. వాడు ఎప్పటిలాగే రాస్తూనే ఉన్నాడు. వాడికి ‘విద్యార్థి’ రోల్ కూడా ఉంది, దానికి అదే ఛానెల్‌లో పచ్చ టిక్ ఉంది. ఒకే మనిషికి రెండు రోల్స్ ఉండి, ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసేస్తే, ఇచ్చిందే చెల్లుతుంది. ఇది తెలియక వాడు నన్ను ఏదో ఉపాయంతో మోసం చేస్తున్నాడని అనుమానించాను. ఇప్పుడు ఆ రోల్స్ జోలికి పోకుండా టైమవుట్ వాడుతున్నాం. అరవై సెకన్ల నుంచి వారం దాకా ఒక్క మనిషిని ఆపొచ్చు, మిగతా వాళ్ల మాటకు అడ్డం ఉండదు. ఎందుకు ఆపామో ఆ పిల్లాడికి తప్పకుండా చెబుతాం. సాయం చేసే ఇద్దరు పాత విద్యార్థులకు సందేశాలు తీసేసే అనుమతి, టైమవుట్ అనుమతి ఇచ్చాను. అన్ని అధికారాలూ ఇచ్చే అడ్మినిస్ట్రేటర్ టిక్ మాత్రం ఇవ్వలేదు. అది ఉంటే ఏ ఛానెల్ తాళమూ పనిచేయదు.

మళ్లీ తెరిచిన రోజు తుని అమ్మాయి తన దీర్ఘవృత్తం లెక్క పెట్టింది. నేను వంట ముగించి చూసేసరికి అమలాపురం అబ్బాయి కాగితం మీద పూర్తిగా చేసి ఫొటో పెట్టాడు. కింద ఇంకో ముగ్గురు ‘మాకూ ఇదే డౌటు’ అని రాశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పక్కింటి అమ్మాయి హాల్‌టికెట్‌లో ద్వితీయ భాష తప్పుగా పడింది. వాళ్ల కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాస్తారు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తరు. రెండు రోజులు ఏడుస్తూ తిరిగాక, అదే తప్పు తన సెక్షన్‌లో చాలామందికి పడిందని కాలేజీ మెట్ల మీద తెలిసింది. అడ్మిన్లకే రాసే వీలుండే సెట్టింగ్ వాట్సాప్‌లో 2018లో వచ్చింది. ప్రకటనలకు అది మంచిదే. కానీ 2022 నుంచి కమ్యూనిటీ సదుపాయం కూడా ఉంది. ప్రకటనలు ఒకచోట మూసి ఉంచి, ప్రశ్నలకు ఇంకో గ్రూపు తెరిచి, రెండింటినీ ఒకే గూటి కింద పెట్టొచ్చు.

ఎవరో రాసినదానికి మన మెడకు చుట్టుకుంటుందేమోనన్న భయం అడ్మిన్లకు ఉంటుంది, నాకూ ఉండేది. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడు పెట్టిన పోస్టుకు బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. మీ వ్యాసంలో ఈ ముక్క కూడా ఉంటే బాగుండేది.

పరీక్షల ఫీజులు కట్టే రోజులు వస్తున్నాయి. కాలేజీ గ్రూపులు నడిపే తోటి అధ్యాపకులు ఈ వారంలోనే ఒక ప్రశ్నల గ్రూపు తెరవాలని, దానికి ఒక మనిషిని, రోజులో ఒక గంటను కేటాయించాలని కోరుతున్నాను. సెట్టింగుల దగ్గర ఎవరికైనా సాయం కావాలంటే మా సర్వర్ పిల్లలు నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు.

– ఒక గణిత అధ్యాపకురాలు, కాకినాడ