మా నాన్నకు ఆ గొంతు మళ్లీ వినిపించినవాళ్లందరికీ

పోయిన నెల ఇక్కడి డెట్రాయిట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "ఎర్నీ హార్వెల్ రేడియో కామెంటరీ పాత క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" అని అడిగాను. పాతికేళ్ల కిందటి బేస్‌బాల్ ఎవరు దాచుకుంటారులే అనుకున్నా. సాయంత్రానికల్లా ఫోన్లు మొదలయ్యాయి.

డెట్రాయిట్‌కి కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా. హార్వెల్ గారు 1960 నుంచి 2002 దాకా మన ఊరి బేస్‌బాల్ జట్టు టైగర్స్ ఆటలకి కామెంటరీ చెప్పారు. 1991 సీజన్ తర్వాత ఆయన్ని సాగనంపితే జనం గోల గోల చేశారు. 1993లో మళ్లీ వచ్చారు. అంతకు చాలా ముందు, 1948లో, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టువాళ్లు ఒక క్యాచర్‌ని (క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాంటివాణ్ని) బదులిచ్చి మరీ ఆయన్ని అట్లాంటా నుంచి తెచ్చుకున్నారు. కామెంటేటర్ కోసం ఆటగాణ్ని వదులుకోవడం నేనింకెక్కడా వినలేదు.

1999లో మా నాన్న ఇక్కడే ఉన్నారు. ఆకాశవాణిలో క్రికెట్ విన్న అలవాటు, గరాజ్‌లో కుర్చీ వేసుకుని రేడియో పెట్టేవారు. ఆట అర్థమయ్యేది కాదు, మనిషి మాత్రం నచ్చేశాడు. ఫౌల్ బాల్, అంటే గీత బయటికి పోయిన బంతి, జనంలో పడితే "అది ఇప్సిలాంటి ఆయనకి దొరికింది" అని ఇక్కడి చుట్టుపక్కల ఊరేదో చెప్పేవారు హార్వెల్. "అంతమందిలో ఎవడిది ఏ ఊరో ఈయనకెలా తెలుసురా?" అని నాన్నకి ఒకటే టెన్షన్. ఏమీ తెలీదు, నోటికొచ్చిన ఊరు చెప్తారంతే అని తెలిశాక ఇంకా ఇష్టపడ్డారు. బ్యాట్ ఊపకుండా అవుటైనవాణ్ని "రోడ్డు పక్క ఇల్లులా నిలబడిపోయాడు" అనేవారు కదా, పనుల దగ్గర నేను నిలబడి చూస్తుంటే నాన్న ఇప్పటికీ ఆ మాటతోనే తిడతారు.

ఇప్పుడు నాన్న విజయవాడలో ఉన్నారు. చూపు తగ్గి టీవీ మానేశారు. "ఆ పెద్దాయన గొంతు దొరుకుతుందేమో చూడరా" అన్నారు.

క్యాంటన్ అక్కగారూ, మీవారు రికార్డు చేసుకున్న క్యాసెట్ అడగ్గానే చేతిలో పెట్టారు. 1999 సెప్టెంబర్ 27, టైగర్ స్టేడియంలో ఆఖరి ఆట! రాబర్ట్ ఫిక్ కొట్టిన గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) వెళ్లి స్టేడియం పైకప్పుకి తగిలిందే, అది. చుట్టుకుపోయిన టేపుని స్క్రూలు విప్పి, పెన్సిల్‌తో తిప్పి, వేరే డబ్బాలోకి ఎక్కించి ఎంపీత్రీ చేసిచ్చిన తమ్ముడూ, నువ్వుండేది ఇప్సిలాంటిలోనే అని చెప్తే నాన్న పడీ పడీ నవ్వారు. 2010 మేలో హార్వెల్ గారు పోయినప్పుడు టైగర్స్ కొత్త స్టేడియం కొమెరికా పార్కులో ఆయన్ని కడసారి చూడ్డానికి వేలమంది క్యూ కట్టారు. ఆ క్యూలో నిలబడ్డ మా పక్కింటాయన తన దగ్గరున్న ఫొటోలన్నీ ఇచ్చారు, ఆయనకీ థాంక్స్. విజయవాడలో పెన్‌డ్రైవ్ రేడియోకి పెట్టి, రోజూ వెళ్లి ఆన్ చేసి వస్తున్న మేనల్లుడికి వేరే చెప్పాలా?

అక్కగారూ, క్యాసెట్ ఆదివారం తెచ్చిస్తాను. 2002 సెప్టెంబర్‌లో టొరంటోలో ఆయన చెప్పిన చివరి ఆట ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. నాన్న అప్పుడే అడగడం మొదలుపెట్టారు.