టెలిస్కోప్ సరే, స్టాండ్ సంగతేమిటి?

సంపాదకులకు,

పిల్లలకు టెలిస్కోప్ కొనాలనుకునే తల్లిదండ్రులకు మీ ఆదివారం సంచికలో ఇచ్చిన సలహాలు బాగున్నాయి. అద్దం ఎన్ని అంగుళాలుండాలి, ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) ఏది ఎంచుకోవాలి అన్నవి వివరంగానే రాశారు. టెలిస్కోప్‌ను పట్టుకుని తిప్పే మౌంట్, దాన్ని మోసే మూడు కాళ్ల ట్రైపాడ్ గురించి మాత్రం 'గట్టిగా ఉండాలి' అని ఒక్క మాటతో సరిపెట్టారు. కొన్న టెలిస్కోపులు నెల తిరక్కుండా అటకెక్కేది ఎక్కువగా ఆ గట్టితనం లేకే.

ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ చొప్పున జరుగుతుంది. మామూలు ఐపీస్‌తో 100 రెట్లు పెంచి చూస్తే కనిపించే మేర అర డిగ్రీ, అంటే చంద్రుడు పట్టేంత. శని గ్రహం ఈ అంచున ప్రవేశించి ఆ అంచు దాటడానికి రెండు నిమిషాలు చాలు. ఫోకస్ తిప్పినప్పుడల్లా స్టాండ్ ఊగి, కుదురుకోవడానికి ఆరేడు సెకన్లు తీసుకుంటే ఇక చూసేదేముంది? డబ్బా మీద '525 రెట్లు' అని వేసి, 76 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌ను పుల్లల్లాంటి అల్యూమినియం కాళ్ల మీద నిలబెట్టి అమ్ముతారు. ఆ అద్దానికి 150 రెట్లు దాటితే బొమ్మ మసకే. ఆ కాళ్ల మీద 60 రెట్లకే వణుకు మొదలవుతుంది.

దుకాణంలోనే పరీక్షించి చూడండి. ట్రైపాడ్ కాళ్లు మీరు ఇంట్లో వాడేంత ఎత్తుకు తీసి, దూరంగా ఉన్న సైన్‌బోర్డు మీద ఒక అక్షరానికి ఫోకస్ చేసి, గొట్టం చివర వేలితో తట్టండి. ఒకటి రెండు సెకన్లలో అక్షరం నిలబడితే తీసుకోవచ్చు. మూడు దాటితే వద్దు. కాలి పొడవు రెట్టింపైతే అదే బరువుకు అది వంగేది ఎనిమిది రెట్లు. అందుకే కాళ్లు పూర్తిగా లాగి నిలబడి చూసేకన్నా, కురచగా ఉంచి కుర్చీలో కూర్చుని చూడటం మేలు. కాళ్ల మధ్య పళ్లెం మీద రెండు ఇటుకలు పెట్టినా తేడా తెలుస్తుంది. నీళ్ల డబ్బా వేలాడదీస్తే మాత్రం గాలికి అదే ఊగి కొత్త తంటా తెస్తుంది.

ఫొటోల జోలికి పోకుండా కంటితో చూడటానికే అయితే డాబ్సోనియన్ అనే రకం టెలిస్కోప్‌ను మించింది లేదు. దీనికి ట్రైపాడే ఉండదు, నేల మీద కూర్చునే చెక్క పెట్టె అంతే. వడ్రంగితో చేయించుకునేవారు 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వాడాలి. కింది పలకకు మూడు కాళ్లు, సరిగ్గా ఆ కాళ్లకు పైన మూడు టెఫ్లాన్ (నున్నగా జారే ప్లాస్టిక్) ముక్కలు, వాటి మీద తిరిగే పలక అడుగున సన్‌మైకా ఉండాలి. ముక్కలు కాళ్లకు దూరంగా పడితే పలక వంగి ఊగుతుంది. సన్‌మైకా అద్దంలా నున్నగా ఉంటే పట్టుకుపోయి, బలంగా తోస్తే ఒక్కసారిగా జారి గ్రహం చేజారుతుంది. సన్నటి గరుకున్నది మెత్తగా జరుగుతుంది. టెఫ్లాన్‌ను బిగించే స్క్రూల తలలు పూర్తిగా లోపలికి దిగాలి, లేకపోతే సన్‌మైకాను గీరేస్తాయి. రెడీమేడ్‌గా వచ్చేవాటిలో చాలావాటికి పార్టికల్ బోర్డే వాడతారు. మన వానాకాలంలో అంచుల నుంచి చెమ్మ పీల్చి ఉబ్బుతుంది కనుక ముందే అంచులకు వార్నిష్ పట్టించాలి.

డాబ్సోనియన్‌తో ఇబ్బంది నడినెత్తిన. అక్కడ గొట్టాన్ని పక్కకు తిప్పడం కష్టం. హైదరాబాద్‌లో రోహిణి దాదాపు నడినెత్తి మీదుగానే వెళ్తుంది, కృత్తికలు దానికి కాస్త ఉత్తరంగా. వాటిని గంట ముందో వెనకో చూసుకోవాలి.

ఫొటోలు తీయాలంటే ఆకాశం జరిగే తీరుకు తగ్గట్టు ఒకే ఇరుసు మీద తిరిగే ఈక్విటోరియల్ మౌంట్ తప్పదు. ధ్రువాక్షం అనే ఆ ఇరుసును ఊరి అక్షాంశమంత కోణంలో ఉత్తరానికి ఎత్తి పెట్టాలి. ఇక్కడే మన ఊరికి ప్రత్యేకమైన చిక్కుంది. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. మౌంట్ ధ్రువాక్షాన్ని అంత కిందికి వంచితే టెలిస్కోప్‌కు సమతూకంగా బరువులు తగిలించే కౌంటర్‌వెయిట్ కడ్డీ దాదాపు నిటారుగా దిగి ఉత్తరపు కాలికి కొట్టుకుంటుంది. తూర్పున అప్పుడే లేచినవాటిని, పడమట దిగుతున్నవాటిని చూసేటప్పుడు ఇది మరీ ఎక్కువ. ఒక పెద్ద బరువును కడ్డీ చివర పెట్టే బదులు రెండు బరువులను పైకి జరిపి సమతూకం చేయండి. లేదా ట్రైపాడ్‌కూ మౌంట్‌కూ మధ్య పొడిగింపు స్తంభం వేయించండి. కొనేముందు మౌంట్ 17 డిగ్రీల దాకా దిగుతుందో లేదో అడిగి కాదు, దింపించి చూడండి. అక్షాంశం సరిచేసే బోల్టు తిప్పేటప్పుడు మౌంట్ పైభాగం బరువును చేత్తో ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే బోల్టు వంగుతుంది. కంపెనీ 'పది కిలోలు మోస్తుంది' అంటే ఫొటోలకు ఐదే అనుకోండి.

ధ్రువ నక్షత్రం కూడా మనకు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన అపార్ట్‌మెంట్ ఉంటే కనిపించనే కనిపించదు. అప్పుడు దిక్సూచితో ఉత్తరం చూసుకోవాలి గానీ, డాబాలోని ఇనుప చువ్వలు, రేకుల షెడ్డు ముల్లును లాగేస్తాయి. రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోండి. కంటితో చూసేవారికి ఆమాత్రం చాలు. ఫొటోలవారు నక్షత్రం ఎటు జరుగుతోందో గమనిస్తూ సరిచేసుకోక తప్పదు.

డాబా మీద స్టాండ్‌ను స్లాబ్ మధ్యలో పెట్టకండి. కింద పిల్లర్, బీమ్ కలిసేచోట పెడితే నడిచేవాళ్ల అదురు తక్కువ. కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయండి. బల్ల మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్లకు ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, పిట్టగోడ అడ్డొస్తే గట్టి చెక్క స్టూలు వాడండి.

చివరగా బడులకు ఒక విన్నపం. సైన్స్ ల్యాబ్‌కు టెలిస్కోప్ కొనేటప్పుడు కొటేషన్‌లో అద్దం వ్యాసంతో పాటు మౌంట్ రకం, అది మోసే బరువు, ట్రైపాడ్ కాళ్లు ఉక్కువా అల్యూమినియంవా, వాటి మందం ఎంత అన్నవి విడిగా రాయించండి. సరుకు చేరాక తట్టి చూసిన తర్వాతే బిల్లు పాస్ చేయండి.

— ఒక ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు, తార్నాక, హైదరాబాద్