మహిళా విభాగం వార్షిక నివేదిక – లుసాకా, జాంబియా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫోటోలు అందరూ గ్రూపులో చూశారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ ఏడాది మా సమయమంతా తీసుకున్నది వేరే పని. మన ఇళ్లలో పనిచేసే జాంబియా ఆడవాళ్లతో, వాళ్ల ఇరుగుపొరుగుతో కలిసి మూడుసార్లు కూర్చున్నాం. మాట్లాడింది యోని శుభ్రత గురించి.

ఇక్కడ చాలామంది లోపలిదాకా సబ్బుతో కడుగుతారు, గుడ్డతోనో పేపరుతోనో తుడుస్తారు. తడి ఉండకూడదని, బిగుతుగా ఉండాలని కొందరు ఆకుల పొడి కూడా పెడతారు. పెళ్లికూతురికి కాపురం సంగతులు చెప్పే పెద్దామెను బెంబా భాషలో బనచింబుస అంటారు. ఇలాంటివి చాలావరకు ఆ నోటినుంచే వస్తాయి.

మొదటి సమావేశం మా తప్పువల్లే చెడింది. 2011లో వచ్చిన ఒక పరిశోధన లెక్కలు పట్టుకుని మొదలుపెట్టాం. సహారాకు దిగువన ఉన్న దేశాల్లో 14,874 మంది ఆడవాళ్ల వివరాలు కలిపి చూస్తే, లోపల గుడ్డతో, పేపరుతో తుడిచేవాళ్లకు హెచ్ఐవీ సోకే ముప్పు 47 శాతం, సబ్బు వాడేవాళ్లకు 24 శాతం ఎక్కువగా కనిపించింది. అంకెలు నిజమే. కానీ వింటున్నవాళ్లు తలలు దించుకున్నారు. ఒక బనచింబుస లేచి, "మేం మురికివాళ్లమని ఎవరు చెప్పారు మీకు?" అంది. జవాబు చెప్పలేకపోయాం.

రెండోసారి మాట్లాడే పని ఆమెకూ, ఒక నర్సమ్మకూ అప్పగించాం. నర్సమ్మ బల్లమీద సబ్బునీళ్లు, పెరుగు పెట్టి లిట్మస్ పేపరు ముంచింది. సబ్బులో నీలమైంది, పెరుగులో ఎర్రబడింది. యోనిలోనూ పెరుగులో ఉండే జాతి బ్యాక్టీరియానే పులుపు పుట్టించి కాపలా కాస్తుందనీ, సబ్బు ఆ పులుపును చంపేస్తుందనీ చెప్పింది. గుడ్డ రాపిడికి లోపలి పొర గీసుకుపోతే ఇన్ఫెక్షన్‌కు దారి దొరుకుతుంది. వాసన, తెల్లబట్ట ఎక్కువై ఇంకా కడుగుతాం, ఇంకా పెరుగుతుంది. బయట మామూలు నీళ్లతో కడిగితే చాలు, లోపల తనంతట తానే శుభ్రపడుతుంది. "అయితే పెరుగు రాసుకోవచ్చా?" అని అడిగింది మన సభ్యురాలే! తినమంది నర్సమ్మ.

యోని కడుక్కోవడానికని అమ్మే ఇంటిమేట్ వాష్ బాటిళ్లు మన బాత్రూముల్లోనూ ఉన్నాయని ఆరోజే తేలింది. పక్కవాళ్ల అలవాట్ల గురించి ఉపన్యాసం ఇచ్చిన మాకు కాస్త సిగ్గేసింది.

మూడోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి. వెనిగర్ రాసి చూసే పరీక్ష 2006 నుంచి ఇక్కడి ప్రభుత్వ క్లినిక్‌లలో నర్సులే చేస్తున్నారు. హెచ్ఐవీ ఉన్నవాళ్లు 25 ఏళ్లనుంచి, మిగతావాళ్లు 30 నుంచి పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఖర్చు టీ, సమోసాలు, మినీబస్సు ఛార్జీలే. రసీదులు కోశాధికారి దగ్గరున్నాయి. వచ్చే సమావేశం తన ఇంట్లోనే పెడతానని బనచింబుస అంది. వెళ్లేవాళ్లు నాకు పేరు చెప్పండి.

– కార్యదర్శి, మహిళా విభాగం