పల్లె బొమ్మంటే రెండు కొండలేనా?

సంపాదకుల వారికి,

సంక్రాంతి చిత్రలేఖనం పోటీల్లో బహుమతులొచ్చిన పిల్లల బొమ్మలు మీ జిల్లా పేజీలో వేశారు, సంతోషం. అయితే 'పల్లె దృశ్యం' అనేసరికి దాదాపు అన్నిట్లోనూ రెండు త్రిభుజాల కొండలు, మధ్యలో సూర్యుడు, ఓ గుడిసె, వంగిన కొబ్బరిచెట్టు. మన కోనసీమలో కనుచూపు మేరలో కొండన్నది ఉంటేగా! తప్పు పిల్లలది కాదు, అంశం ఇచ్చే పెద్దలది. 'పెరట్లో కోడి' అనో, 'వసారాలో ఇత్తడి బిందె' అనో ఇచ్చి చూడండి. తలెత్తి చూడకుండా గీయడం కుదరదు.

ఇంకో చిక్కు కాగితంతో. పోటీల్లో ఇచ్చే పల్చటి డ్రాయింగ్ షీటు నీళ్లు తగలగానే ఉబ్బుతుంది. రంగంతా ఆ పల్లాల్లోకి చేరి మరకలు కడుతుంది. పిల్లలేమో తమకు చేయి తిరగలేదనుకుంటారు. నీటిరంగులకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం ఉండాలి. ఖరీదెక్కువే, కాబట్టి పెద్ద షీటు మానేసి పోస్టుకార్డుకు రెండింతలుండే ముక్క ఇస్తే చాలు. నాలుగంచులూ టేపుతో అట్టకు అంటించి, ఆరాక తీయాలి.

కోడి కదలకుండా నిలబడదు, నిజమే. అర నిమిషానికొకటి చొప్పున పెన్సిలుతో ఓ పాతిక గీతబొమ్మలు వేయిస్తే, అది గింజ పొడవడం, తలెత్తడం, కాలితో గీరడం అనే మూడు భంగిమల్లోనే మళ్లీ మళ్లీ తిరుగుతోందని పిల్లలే కనిపెడతారు. సగంలో ఆగిన బొమ్మను అదే భంగిమ తిరిగొచ్చినప్పుడు పూర్తిచేసుకోవచ్చు. ముందు ఒంటి ఆకారం రావాలి. ఈకలు ఒక్కొక్కటే గీయబోతే కోడి కాస్తా చీపురుకట్టవుతుంది.

తెల్ల పెట్టకు తెల్లరంగు వేయకూడదు, కాగితమే తెలుపు. వెనకాల ముదురాకుపచ్చ పడితే పెట్ట దానంతటదే తేలుతుంది. ఆ ఆకుపచ్చ కూడా ట్యూబులోంచి నేరుగా వేస్తే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది, కాస్త ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) కలపాలి. రెక్క కింద నీడకు అల్ట్రామెరీన్ బ్లూలో కొంచెం బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపి, బాగా పల్చన చేసి ఒక్క పూత వేస్తే సరి. ఇవే రెండు రంగులు చిక్కగా కలిపితే గేదెకు కావలసిన నలుపూ వస్తుంది. నల్ల ట్యూబు పెట్టెలోనే ఉండనివ్వండి. ఎండలో గేదె వీపు చూడండి, నల్లగా ఉండదు, ఆకాశం నీలం మెరుస్తుంటుంది.

బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది మాత్రం తొందర వల్ల. పూత సగం ఆరాక తడికుంచె మళ్లీ పెడితే, ఆ నీరు రంగును అవతలికి నెట్టి కాలీఫ్లవర్ పువ్వులాంటి అంచు కడుతుంది. దాన్ని దిద్దబోతే ఇంకా పెద్దదవుతుంది, కాబట్టి ముట్టుకోకుండా ఆరనివ్వడమే మందు. పైన తడి మెరుపు పోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. వేలి వెనక భాగం ఆనించాలి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. మే నెలలో పూత నిమిషాల్లో ఆరుతుంది గనక రంగు ముందే సరిపడా కలుపుకుని, ఫ్యాను ఆపి కూర్చోవాలి. ముసురు రోజుల్లో ఓపిక పట్టాలి. ఆరాక రంగు ఒక పాలు వెలుస్తుంది, అనుకున్నదానికంటే కాస్త ముదురుగానే కలపాలి.

బళ్లలో ఎక్కువగా వాడే పోస్టరు రంగులది వేరే పద్ధతి. వాటిలో ముదురు ముందు, లేత తర్వాత; నీటిరంగులకు ఇది తిరగబడుతుంది. రెండు పద్ధతులూ కలిపి నేర్పడం వల్లే సగం గందరగోళం.

బహుమతిగా షీల్డుల బదులు పిల్లల్ని రాజమహేంద్రవరంలోని చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్తే బాగుంటుంది. 1925లో, 28 ఏళ్లైనా నిండకుండా పోయిన మనిషి ఎంత పని చేశాడో అక్కడ దగ్గరగా చూడొచ్చు.

పోటీ వేళ కూడా మార్చాలి. నడిమధ్యాహ్నం నీడలన్నీ కాళ్ల కిందికి చేరతాయి. పొద్దున ఏడున్నరకు బడి ఆవరణలోనే పెట్టండి. హాల్లో ట్యూబులైటు కిందికి కోడి రాదు కదా.

ఇట్లు,
కొందరు డ్రాయింగ్ మాస్టర్లు, అమలాపురం