పెద్దవాళ్ల చేత బొమ్మలేయిస్తున్నానని నవ్వినవాడికి

ఒరేయ్ గురూ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మా, పిల్లలూ బావున్నారా? "కోచింగ్ అంటే ఐఐటీకో క్రికెట్‌కో గానీ, పెద్దవాళ్ల చేత బొమ్మలేయించడమేంట్రా" అని ఫోన్లో పడీ పడీ నవ్వావు కదా, సిగ్నల్ పోయి బతికిపోయావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను చేసేది జీవితంలో ఏదో తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్లకి కోచింగ్ రా. మా ఒడిశాలో పర్లాకిమిడి వాళ్లొచ్చినా, కాశీనగర్ నుంచి వచ్చినా, గుణుపురం నుంచి ఫోన్ చేసినా అందరిదీ ఒకటే పాట, టెన్షన్‌గా ఉందండీ అని. అది భయమో, కోపమో, అసూయో తేలకుండానే "మీ లక్ష్యం ఏమిటి" అని అడిగామనుకో, ఇంట్లోవాళ్లకి నచ్చే లక్ష్యమేదో చెప్పేస్తారు, మనం దానికో టైంటేబుల్ వేసిస్తాం, నెల తిరక్కుండా అది అటకెక్కుతుంది. అందుకని నేను ముందు లోపలున్నదాన్ని బయట పెట్టిస్తాను. మాటల్లో రాకపోతే బొమ్మలో, బొమ్మ రానివాళ్లకి ఇంకేదో దారిలో.

ఒకావిడ సంగతి చెప్తాను, ఆవిణ్ణి అడిగే రాస్తున్నాను, ఊరు మాత్రం చెప్పను. డిపార్ట్‌మెంట్ పరీక్ష రాయాలా వద్దా అన్నది ఆవిడ సమస్య. బొమ్మలు రావన్నారు. "ముగ్గు వస్తుందా?" అంటే నవ్వేశారు. రాకపోవడమేంటి, మార్గశిర గురువారాలకి గుమ్మంలో పిండితో ఝొటి, అదే ఒడియావాళ్ల ముగ్గు, వేసేదీ, సంక్రాంతికి మన చుక్కల ముగ్గు పెట్టేదీ ఆ చెయ్యే. సరే, మీ ఇంటిని ముగ్గుగా వెయ్యండి, మనిషికో చుక్క అన్నాను. అత్తగారు, మామగారు, ఆయన, ఇద్దరు పిల్లలు, పుట్టింట్లో తమ్ముడు, ఇలా చుక్కలు పెట్టుకుని, వాటి చుట్టూ గీతని మెలికలు తిప్పుతూ ఎక్కడా తెగకుండా కలిపేసి పెన్ను పక్కన పెట్టారు. "ఇందులో మీరెక్కడ?" అన్నాను, అంతే. చాలాసేపు కాగితం వైపే చూసి, "ఆ గీత నేనేనండీ, నాకు చుక్క లేదు" అన్నారు. కాసేపాగి, "టెన్షన్ కాదండీ, కోపమొస్తోంది" అన్నారు. ఎవరి మీద అని నేను అడగలేదు. ఏం చేద్దామనుకుంటున్నారు అని మాత్రం అడిగాను. పరీక్ష సంగతి తర్వాత, ముందు రాత్రి వంటయ్యాక ఓ గంట నన్ను పిలవొద్దని ఇంట్లో చెప్తాను అన్నారు. చెప్పారు కూడా. మామగారు రెండ్రోజులు ముభావంగా ఉన్నారట, ఉండనీ.

ఆ ముగ్గుకి అర్థం నేను చెప్పలేదు చూడు, అసలు పని అదే. నల్లరంగు వాడితే దిగులు, ఎరుపు వాడితే కోపం అని చిలక జోస్యం చెప్పే కోచ్‌లంటే నాకు ఒళ్లు మంట. గీసేవాళ్ల దగ్గర ఉన్న స్కెచ్ పెన్ను నల్లదే కావచ్చుగా!

ఇదంతా నా సొంత పైత్యం అనుకునేవు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమని బాగా కలచివేసిన సంగతుల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగిందీ, దాని గురించి తమకి కలిగిన బాధా రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది, ఉత్త సంఘటనలే రాసినవాళ్లలో అంత తేడా లేదు. తర్వాత ఇలాంటివి చాలా చేశారు, మొత్తం మీద లాభం కొంచెమే అని తేలింది, అందరికీ పనిచెయ్యదు. నేను కూడా అందరి చేతా రాయించను.

రాయించినప్పుడు మాత్రం తెలుగులోనా ఒడియాలోనా అని అడుగుతారు, మనవాళ్లలో చాలామంది బళ్లో చదివింది ఒడియానే కదా. ఒడియా లిపిలో తెలుగు రాసుకున్నా నాకేం అభ్యంతరం లేదు. గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని గ్రాంథికం రాయమంటానా ఏంటి! ఏమనిపిస్తోందో తెలియట్లేదు అనేవాళ్లకి ఇంకో ఉపాయం ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది స్థాయీభావాలు, అంటే మనసులో నిలిచి ఉండే మూల భావాలు, రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం, చీటీల మీద రాసి బల్ల మీద పరుస్తాను. జుగుప్స దగ్గర బ్రాకెట్లో రోత అని రాశాను లే. ఉద్యోగం మానేద్దామా అని వచ్చిన ఒక కుర్రాడు శోకం తీస్తాడనుకుంటే రోత తీశాడు, అక్కణ్ణుంచి మా మాటలు ఇంకో దారి పట్టాయి.

అన్నిటికీ ఇదే మందు అనుకోకు. నిద్రే పట్టట్లేదనీ, బతకాలని లేదనీ ఎవరైనా అంటే కాగితాలన్నీ పక్కన పెట్టేసి డాక్టర్ దగ్గరికి వెళ్లమంటాను, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అక్కడే చేతిలో పెడతాను, ఆ ఫోన్‌కి డబ్బులు పడవు. అది వేరే వాళ్ల పని, నాది కాదు.

నీ ట్రాన్స్‌ఫర్ సంగతి తేల్చుకోలేకపోతున్నానన్నావు కదా, దసరా సెలవులకి రా. నౌపడలో గుణుపురం రైలెక్కితే పర్లాకిమిడి దారిలోనే. ఉచిత సలహా మాత్రం నా దగ్గర దొరకదు, కాగితం, పెన్సిలు ఇస్తాను. చెల్లెమ్మని కూడా తీసుకురా, నీకంటే ఆవిడే బాగా గీస్తుంది.

నీ,
పాత బెంచీ మిత్రుడు