మాంసం వ్యర్థాలను కుళ్లకముందే వేరు చేయించండి: చెన్నై కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చెన్నై మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారాలు. కబేళాల్లోను, మాంసం దుకాణాల్లోను మిగిలే వ్యర్థాలను అక్కడికక్కడే వేరు చేయించి, అదే రోజు పరిశ్రమలకు చేర్చే ఏర్పాటు కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఏ చికెన్ దుకాణం వెనుకనైనా ఉండే ప్లాస్టిక్ డ్రమ్మును తమరు స్వయంగా చూడాలి. ఈకలు, పేగులు, తలలు, నెత్తురు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పైన నాలుగు క్యారీ బ్యాగులు కూడా పడి ఉంటాయి. విడిగా, తాజాగా ఉన్నప్పుడు వీటిలో ప్రతిదీ ముడిసరుకే. ఈకల్లో దాదాపు 90 శాతం కెరటిన్ అనే మాంసకృత్తే ఉంటుంది. కలిసి ఎండలో నిలిచాక మాత్రం వాటిని కొనేవాడు ఉండడు.

ఎముకల సంగతి చూడండి. చితక్కొట్టిన ఎముకలను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే కాల్షియం ఫాస్ఫేట్ కరిగిపోయి, ఆసియిన్ అనే మెత్తని మాంసకృత్తు పదార్థం మిగులుతుంది. దాన్ని కొన్ని వారాలు సున్నపు నీటిలో ఉంచి, ఆపైన వేడినీటితో రాబట్టేదే మందుల క్యాప్సూళ్ల తొడుగులకు వాడే జెలటిన్. ఆమ్లంలో కరిగిన ఫాస్ఫేట్‌ను కూడా సున్నంతో తిరిగి రాబట్టి కోళ్ల దాణాలో కలుపుతారు.

నెత్తురు విషయంలో ఆలస్యం ఇంకా ప్రమాదకరం. కాలువలో చేరి కుళ్లేటప్పుడు ఇళ్ల మురుగునీరు లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల చొప్పున నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తే, నెత్తురు లీటరుకు లక్షన్నర మిల్లీగ్రాములకు పైగా హరిస్తుంది. అదే నెత్తురును కాలువలోకి వదలకుండా పట్టి, ఉడికించి ఆరబెడితే 80 శాతానికి పైగా మాంసకృత్తులున్న పొడి అవుతుంది.

దీనికి కావలసిన శాస్త్రజ్ఞానం మన ఊళ్లోనే ఉంది. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు నడిపించిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 1948 నుంచి అడయారులో పనిచేస్తోంది. కొరవడింది సేకరణ పద్ధతి ఒక్కటే.

కుళ్లిన ఆ వ్యర్థాలను ఎత్తుతున్నది పారిశుద్ధ్య కార్మికులు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. వారి ఆరోగ్యం కోసమైనా ఈ పని వెంటనే మొదలుకావాలని నా వేడుకోలు.

ముందుగా పెరంబూరు కబేళాలోను, చుట్టుపక్కల దుకాణాల్లోను నెత్తురుకు, ఎముకలకు, ఈకలకు, పేగులకు వేర్వేరు మూత డబ్బాలు ఇప్పించండి. మధ్యాహ్నంలోగా శీతల వాహనం వచ్చి తీసుకెళ్లాలి, వేరు చేసి ఇచ్చిన దుకాణదారుకు కిలో చొప్పున సొమ్ము ముట్టాలి. తోలు పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులను పిలిపించి, ఏ సరుకు ఏ పరిశ్రమకు పనికొస్తుందో తేల్పించి, ఆ ధరలను దుకాణాల్లో తమిళంలోను, తెలుగులోను అంటించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
పెరంబూరు నివాసి