పిల్లిమొగ్గల ఎర్నీ కథకు సాయపడిన అందరికీ

నిన్న మా వాడు క్లాసులో నిలబడి మూడు నిమిషాలు ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడాడు. తెనాలి నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ స్కూల్లో వాడి గొంతు విన్నవాళ్లు తక్కువ. అందుకే ఈ పోస్టు. థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం నైట్ డ్యూటీల మధ్య నా వల్ల కావట్లేదు.

మేముండేది వేల్స్‌లో కేర్‌ఫిలి. 'మన ఊరికి సంబంధించిన ఒక మనిషి' గురించి చెప్పమని టీచరు రెండు వారాల టైమిచ్చారు. ఇక్కడ పుట్టిన హాస్యనటుడు టామీ కూపర్‌ని, ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రామ్సీని మిగతా పిల్లలు ముందే పంచేసుకున్నారు. వీడు చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చాడు. నాకా, క్రికెట్‌లో తప్ప ఇంకే ఆటలోనూ ఓనమాలు రావు. ఒకటే టెన్షన్. పిట్టగోడ దగ్గర పక్కింటి పెద్దాయనతో ఊరికే ఆ మాట అన్నాను. ఆయన లోపలికెళ్లి ఒక చెప్పుల డబ్బా పట్టుకొచ్చారు. నిండా పాత కార్డిఫ్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ మ్యాచ్ పుస్తకాలు. "ఎర్నీ గురించి చెప్పమను" అన్నారు.

ఎర్నీ అంటే ఫుట్‌బాల్ ఆటగాడు రాబర్ట్ ఎర్న్‌షా. 1981లో జాంబియాలోని ముఫులీరాలో పుట్టాడు. కొన్నాళ్లు మలావీలో పెరిగాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి పిల్లల్ని తీసుకుని మా ఊరి పక్కనే ఉన్న బెడ్వస్‌కి వచ్చేసింది. అంటే ఇంచుమించు మా వాడి ఈడులో ఈ చలిలోకి వచ్చిపడ్డ పిల్లాడన్నమాట. ఆ ఒక్క ముక్క వినగానే మా వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ తర్వాత మూడు సాయంత్రాలు పెద్దాయన టీ చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నారు, వీడు రాసుకుంటూనే ఉన్నాడు.

గోల్ కొట్టగానే ఎర్నీ పిల్లిమొగ్గ వేసేవాడట. 2002–03లో కార్డిఫ్ తరఫున ఒక్క సీజన్‌లోనే 35 గోల్స్, ఆ క్లబ్బులో అదే రికార్డు. ఆ ఏడాది పై డివిజన్‌కి ఎక్కాలంటే చివరి మ్యాచ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌ని ఓడించాలి. గోల్స్ లేకుండా ఆట సాగుతుంటే కోచ్ ఎర్నీని బయటికి పిలిచి ఆండీ కాంప్‌బెల్‌ని దింపాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో కాంప్‌బెల్ కొట్టిన ఒక్క గోల్‌తో కార్డిఫ్ గెలిచింది. ఏడాదంతా వండినవాడు వడ్డన వేళకి బయట కూర్చోవడమంటే ఇదే. ఇరవై ఏళ్లు దాటినా పెద్దాయనకు ఆ సాయంత్రం సంతోషమో బాధో ఇంకా తేలలేదు.

2004లో ముప్ఫై లక్షల పౌండ్లకు పైగా తీసుకుని కార్డిఫ్ అతన్ని వెస్ట్ బ్రామ్ అనే ఇంగ్లాండ్ క్లబ్బుకి అమ్మేసింది. అక్కడి నుంచి ఇక ట్రాన్స్‌ఫర్లే. నాకైతే బ్యాంకు ఉద్యోగంలో మా నాన్నగారు గుర్తొచ్చారు, ఏ ఊళ్లోనూ సామాన్లు పూర్తిగా విప్పింది లేదు. నార్విచ్, డెర్బీ, నాటింగ్‌హామ్ ఫారెస్ట్, మళ్లీ కార్డిఫ్, కార్డిఫ్ కొన్నాళ్లు అరువిస్తే ఇజ్రాయెల్‌లో మకాబీ టెల్ అవీవ్, ఆపైన టొరంటో, బ్లాక్‌పూల్, షికాగో, చివరికి వాంకూవర్. కుర్రతనంలో స్కాట్లాండ్‌లోని మోర్టన్‌కి కొన్నాళ్లు ఆడింది కూడా కలిపితే పదకొండు క్లబ్బులు.

డెర్బీ, ఫారెస్ట్ సంగతి చెప్పింది మా వార్డులో పనిచేసే నాటింగ్‌హామ్ అమ్మాయి. ఆ రెండు ఊళ్లకీ బొత్తిగా పడదు. డెర్బీ 35 లక్షల పౌండ్లు పోసి ఎర్నీని కొనుక్కుంటే, 2007–08 లీగ్ మొత్తంలో అతను కొట్టింది ఒక్కటే గోల్. జట్టుకి వచ్చినవి 11 పాయింట్లు, ఇంగ్లాండ్‌లో అన్నిటికన్నా పై లీగైన ప్రీమియర్ లీగ్‌లో ఎవరికీ అంతకన్నా తక్కువ రాలేదు. మరుసటి ఏడాది అతను నేరుగా శత్రువుల ఇంటికే, అంటే ఫారెస్ట్‌కే వెళ్లి గోల్స్ మొదలెట్టాడు. పై లీగ్‌కి ఎక్కే పోరులో 2010లో బ్లాక్‌పూల్ మీద రెండు గోల్స్ కొట్టినా ఫారెస్ట్ ఓడింది. 2011లో స్వాన్సీ మీద ఒకటి కొట్టాడు, ఇంకోటి స్తంభానికి తగిలి పోయింది, మళ్లీ ఓటమే. స్వాన్సీ అంటే కార్డిఫ్‌కి బద్ధవైరి. కార్డిఫ్ పిల్లాడు వాళ్ల చేతిలో అలా ఓడాడన్న మాట దగ్గర పెద్దాయన టీ కప్పు కింద పెట్టేశారు. విచిత్రమేమిటంటే 2014లో అదే బ్లాక్‌పూల్ జెర్సీ వేసుకున్నాడు.

టొరంటోలో ఉండే మా పెదనాన్న కొడుకు సతాయించకుండా ఫోనెత్తడమే గొప్ప. అలాంటిది 2013 మార్చిలో ఎర్నీ అక్కడి అభిమానుల ముందు ఆడిన మొదటి ఆటలోనే కాన్సాస్ సిటీ మీద రెండు గోల్స్ కొట్టి గెలిపించాడని వెతికి పంపాడు. థాంక్స్‌రా అన్నయ్యా.

ఇక అసలు విషయం మా లైబ్రరీలో ఆవిడ చూపించారు. ప్రీమియర్ లీగ్‌లో, దాని కింది మూడు డివిజన్లలో, ఇంగ్లాండ్ నాకౌట్ టోర్నీలైన ఎఫ్ఏ కప్‌లో, లీగ్ కప్‌లో, దేశం తరఫున కూడా హ్యాట్రిక్, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్, కొట్టిన ఆటగాడు ఇతనొక్కడే. ప్రీమియర్ లీగ్‌ది 2005లో చార్ల్‌టన్ మీద, అదీ సబ్‌స్టిట్యూట్‌గా దిగి. దేశం తరఫున కొట్టింది 2004 ఫిబ్రవరిలో స్కాట్లాండ్ మీద, వేల్స్ 4–0తో గెలిచింది. అంతకుముందు 2002లో జర్మనీ మీద వేల్స్‌కి మొదటిసారి ఆడుతూ గెలుపు గోల్ కొట్టాడు. మొత్తం 59 మ్యాచ్‌లు, 16 గోల్స్.

మా అమ్మ తెనాలి నుంచి రోజూ వీడియో కాల్‌లో వీడి రిహార్సల్ వింది. ఇంగ్లీషు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది. తెలుగులో కథ చెప్పించుకున్నాక మాత్రం "పాపం, ఎక్కడా కుదురుకోలేదా ఆ అబ్బాయి?" అంది.

"లేదు అమ్మమ్మా, ఎక్కడికి పిలిస్తే అక్కడికెళ్లి గోల్ కొట్టాడు. డెర్బీలో తప్ప" అన్నాడు వీడు.

నిన్న క్లాసులో కూడా ఆ డెర్బీ మాట దగ్గర అందరూ నవ్వారట. టీచరు గారికీ, చివర్లో వీడితో కరచాలనం చేసిన పిల్లలకీ థాంక్స్. డ్యూటీ మార్చుకున్న సిస్టర్స్‌కి బిర్యానీ బాకీ.

పక్కింటి పెద్దాయన ఈ తెలుగు చదవలేరు, అందుకే మా వాడు దీన్ని ఇంగ్లీషులో ఆయనకు చదివి వినిపిస్తాడు. డబ్బా జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాం. స్కాట్లాండ్ మ్యాచ్ పుస్తకం మాత్రం ఆయనే తీసి వీడి చేతిలో పెట్టారు. ఆ సంతోషంలో వీడు వాళ్ల పెరట్లోనే పిల్లిమొగ్గ వేయబోయి పూలకుండీ పగలగొట్టాడు. శనివారం వెళ్లి కొత్తది కొనాలి.